కణాలు ఎన్ని అనే ముందు, మూత్రం ఎప్పుడు పోసిందో చూడండి

వానలు పడిన నాటి నుండి దీపావళి దాటే వరకు మా పిల్లల వార్డులో అందరికంటే ఎక్కువగా వినిపించే ప్రశ్న ఒకటే. “సారూ, కణాలు ఎన్నున్నయి?” నస్పూర్ నుండి వచ్చినవారైనా, శ్రీరాంపూర్, సీసీసీ, మంచిర్యాల, గోదావరిఖని నుండి వచ్చినవారైనా ముందుగా అడిగేది అదే. ఉదయం రిపోర్టు, సాయంత్రం రిపోర్టు చేతిలో పట్టుకొని, అంకె పెరిగితే సంతోషం, తగ్గితే ఏడుపు. ఆ బిడ్డ తెల్లవారిన తర్వాత మూత్రం పోసిందా అని మేము అడిగితే, చాలాసార్లు తల్లిదండ్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

కణాల గురించి అడగడం తప్పు అని మేము అనము. కాని డెంగీ జ్వరంలో అది రెండవ ప్రశ్న. బిడ్డ ఎన్ని నీళ్లు తాగింది, ఎప్పుడు మూత్రం పోసింది అనేది మొదటి ప్రశ్న. ఇది మా గట్టి అభిప్రాయం. ఎందుకో ఈ సంచికలో మీకు వివరంగా చెప్పాలనుకుంటున్నాము.

మన ప్రాంతంలో డెంగీ మాట తేలికగా తీసుకోదగినది కాదు. 2019 అక్టోబరు నెలలో మన శ్రీరాంపూర్‌కు చెందిన ఒకే కుటుంబంలో సుమారు రెండు వారాల వ్యవధిలో నలుగురు డెంగీతో మరణించారు. వారిలో ఒక చిన్నపాప కూడా ఉంది. ఆ వార్త రాష్ట్రమంతటినీ కదిలించింది. అదే నెలలో తెలంగాణ హైకోర్టు డెంగీపై దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యాలను విచారిస్తూ ప్రభుత్వ ఉన్నతాధికారులను పిలిపించి ప్రశ్నించింది. ఆ తర్వాత మన కాలనీలలో భయం పెరిగింది. అది సహజమే. అయితే ఆ భయమంతా ఒక్క అంకె చుట్టూ తిరగడం వల్ల, చూడవలసిన గుర్తులు చూడకుండా పోతున్నామని మా బాధ.

ఒంట్లో ఏమి జరుగుతుంది?

ముందుగా ఒక చిన్న సవరణ. “తెల్లకణాలు పడిపోయినయి” అని చాలామంది అంటారు. రక్తస్రావాన్ని ఆపేవి తెల్లకణాలు కావు, ప్లేట్‌లెట్లు. తెల్లకణాలు రోగంతో పోరాడేవి. డెంగీలో ఈ రెండూ తగ్గుతాయి కాబట్టి ఈ పొరపాటు వచ్చింది. ఆరోగ్యవంతునికి ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో ప్లేట్‌లెట్లు లక్షా యాభై వేల నుండి నాలుగున్నర లక్షల వరకు ఉంటాయి. డెంగీలో మూడవ రోజు తర్వాత ఇవి తగ్గుతూ వచ్చి, జబ్బు నయమయ్యేకొద్దీ తమంతట తామే పెరుగుతాయి.

అసలు అపాయం వేరే చోట ఉంది. డెంగీ వైరస్‌తో మన శరీరం పోరాడే సమయంలో సన్నని రక్తనాళాల గోడలు వదులవుతాయి. కొత్త మట్టికుండలో నీళ్లు పోస్తే పైన చెమర్చినట్లు, రక్తంలోని ప్లాస్మా అనే నీటి భాగం ఆ గోడల గుండా బయటకు ఊరిపోతుంది. అది కడుపులో, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. ఒంట్లో నీరు ఒంట్లోనే ఉంటుంది గాని రక్తనాళాలలో ఉండదు. మిగిలిన రక్తం చిక్కబడుతుంది. రిపోర్టులో పీసీవీ లేక హెమటోక్రిట్ అనే అంకె ఉంటుంది చూడండి, అది పెరగడం ఈ చిక్కదనానికి గుర్తు. ప్లేట్‌లెట్ల పక్కనే అచ్చువేసి ఉన్నా దాని గురించి అడిగేవారు అరుదు. ఒక బిడ్డకు మామూలుగా ఉండే పీసీవీ కంటే అది ఐదవ వంతు పెరిగిందంటే ప్లాస్మా బాగా ఊరిపోతున్నదని వైద్యులు గ్రహిస్తారు.

రక్తం తగ్గినప్పుడు శరీరం ఒక ఉపాయం చేస్తుంది. ఇంట్లో తిండి తక్కువైనప్పుడు పెద్దలు తాము తగ్గించుకొని పిల్లలకు పెట్టినట్లు, మెదడుకు, గుండెకు రక్తం అందేలా చేసి, చర్మానికి, పేగులకు, మూత్రపిండాలకు తగ్గిస్తుంది. మామూలు రోజులలో గుండె పంపే రక్తంలో దాదాపు ఐదవ వంతు మూత్రపిండాలకే వెళుతుంది. అది తగ్గగానే మూత్రం తగ్గుతుంది, రంగు ముదురుతుంది. చేతులు, కాళ్లు చల్లబడతాయి. ఈ దశలో బిడ్డ మంచం మీద కూర్చొని మాట్లాడుతూ ఉండవచ్చు. బీపీ కూడా బాగానే ఉన్నట్లు కనబడవచ్చు. పిల్లలలో బీపీ పడిపోవడం చివరి మెట్టు. మూత్రం తగ్గడం అంతకు చాలా ముందే వచ్చే హెచ్చరిక. దానికి ల్యాబ్ అక్కరలేదు, రిపోర్టు అక్కరలేదు, తల్లి కన్ను చాలు.

ఆ హెచ్చరికను పట్టించుకోకపోతే రెండు అవయవాల కథ ఒకేసారి చెడుతుంది. రక్తం అందక మూత్రపిండాలు దెబ్బతింటాయి. సకాలంలో సరిచేస్తే చాలామంది పిల్లలలో అవి మళ్లీ కోలుకుంటాయి. ఆలస్యమైతే కొందరికి కొన్నాళ్లు డయాలసిస్ కూడా అవసరం కావచ్చు. ఇంకొకవైపు, షాక్ ఎక్కువసేపు కొనసాగితే సన్నని నాళాలలో అక్కడక్కడ చిన్న చిన్న గడ్డలు ఏర్పడి, ఉన్న ప్లేట్‌లెట్లు, రక్తాన్ని గడ్డకట్టించే ఇతర పదార్థాలు ఖర్చయిపోతాయి. అప్పుడు ముక్కు, చిగుళ్లు, పేగుల నుండి రక్తం కారుతుంది. పిల్లల్లో పెద్ద రక్తస్రావాలు ఎక్కువగా ఈ విధంగానే, సరిచేయని షాక్ వెనుకనే వస్తాయి. అంటే రక్తస్రావాన్ని ఆపే మొదటి మందు సకాలంలో ఇచ్చిన నీరు, సెలైను.

జ్వరం తగ్గిన రోజు

“జరం తగ్గింది సారూ, ఇగ ఇంటికి పోతం.” ఈ మాట విన్నప్పుడు మాకు సంతోషం కంటే కంగారు ఎక్కువ. డెంగీ జ్వరం సాధారణంగా 2 నుండి 7 రోజులు ఉంటుంది. ప్లాస్మా ఊరిపోయే దశ ఎక్కువగా 3వ రోజు నుండి 7వ రోజు లోపల, సరిగ్గా జ్వరం దిగుతున్న సమయంలో మొదలై 24 నుండి 48 గంటలు ఉంటుంది. మిగతా జ్వరాలలో ఒళ్లు చల్లబడితే గండం గడిచినట్లు. డెంగీలో ఒళ్లు చల్లబడి, బిడ్డ హుషారుగా ఆడుకుంటూ, అన్నం అడిగితే మంచిదే. ఒళ్లు చల్లబడి, బిడ్డ ముడుచుకొని పడుకుంటే అది ప్రమాదం.

ఆ రెండు రోజులలో ఈ గుర్తులలో ఏ ఒక్కటి కనబడినా రాత్రి అనక, పగలు అనక ఆసుపత్రికి రండి. కడుపులో తగ్గని నొప్పి. ఆగని వాంతులు. ముక్కు నుండి గాని చిగుళ్ల నుండి గాని రక్తం. నల్లటి తారులాంటి విరేచనం. చల్లని, చెమట పట్టిన చేతులు, కాళ్లు. మగతగా ఉండడం లేక ఊరికే చిరాకుపడడం. ఊపిరి కష్టమవడం. నాలుగు నుండి ఆరు గంటలుగా మూత్రం పోయకపోవడం, లేక మూత్రం కోలా రంగులో రావడం. ఇంకొక చిన్న పరీక్ష కూడా ఉంది. బిడ్డ వేలి గోరును నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలో మళ్లీ ఎరుపు రావాలి. ఆలస్యమైతే రక్తం సరిగ్గా అందడం లేదని అర్థం.

కణాలు ఎక్కిస్తే సరిపోదా?

“మీరు నీళ్లు, మూత్రం అంటారు. కణాలు ఇరవై వేలకు పడిపోతే చూస్తూ కూర్చోమంటారా?” అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చూస్తూ కూర్చోమని మేము ఎన్నడూ చెప్పము. బిడ్డకు రక్తస్రావం గట్టిగా ఉంటే ప్లేట్‌లెట్లు, అవసరమైతే రక్తం ఎక్కించవలసిందే. రక్తస్రావం లేకపోయినా పదివేల కంటే తగ్గినప్పుడు ఎక్కించే విషయం ఆలోచించవచ్చునని మన దేశపు జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది వైద్యుడు బిడ్డను చూసి తీసుకోవలసిన నిర్ణయం.

కాని రక్తం కారకుండా, బిడ్డ నిలకడగా ఉండగా, అంకె ఒక్కటే చూసి ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల మేలు ఉందా? సింగపూర్, మలేషియాలలోని 5 ఆసుపత్రులలో, ప్లేట్‌లెట్లు ఇరవై వేలు లేక అంతకంటే తక్కువ ఉన్న 372 మంది పెద్దవారిపై ఒక పరిశోధన జరిగింది. దాని ఫలితాలు 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. ముందు జాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించినవారిలో రక్తస్రావం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఎలర్జీ వంటి దుష్ఫలితాలు మాత్రం వారిలోనే ఎక్కువ కనిపించాయి. అది పెద్దవారిపై జరిగిన పరిశోధన అన్నది నిజమే. అయినా ప్లాస్మా ఊరిపోవడాన్ని ప్లేట్‌లెట్ సంచి ఆపదు అన్న సంగతి పిల్లలకూ వర్తిస్తుంది.

మన ప్రాంతంలో దీనికి ఇంకొక నష్టం ఉంది. అంకె చూసి భయపడి, అర్ధరాత్రి కారు మాట్లాడుకొని, అప్పు తెచ్చుకొని బిడ్డను కరీంనగర్‌కో హైదరాబాద్‌కో తీసుకుపోతారు. ఆ కొన్ని గంటలే బిడ్డకు గంటగంటకూ నీటి లెక్క చూడవలసిన గంటలు. ఆ సమయమంతా దారిలో, సెలైను లేకుండా, చూసేవారు లేకుండా గడుస్తుంది. పెద్ద ఆసుపత్రికి పంపవలసిన బిడ్డను తప్పక పంపాలి. అయితే పంపేముందు బిడ్డను నిలకడ చేసి, సెలైను నడుస్తుండగా, కాగితం మీద లెక్క రాసి పంపాలి. మా వంటి ఆసుపత్రులు ఈ నియమాన్ని తప్పకుండా పాటించాలని, మీరు కూడా అలా అడగాలని మా అభిప్రాయం.

బొప్పాయి ఆకు రసం గురించి కూడా అడుగుతుంటారు. అది అంకెను కొంత పెంచుతుందని కొన్ని చిన్న పరిశోధనలు చెప్పినా, ప్లాస్మా ఊరడాన్ని ఆపుతుందని ఎవరూ చూపలేదు. ఆ చేదుకు బిడ్డ వాంతి చేసుకుంటే లోపలికి పోయిన నీరు కూడా బయటకు వస్తుంది. ఆ గ్లాసులో గంజి పోసి తాగించండి.

నొప్పి సూది వద్దు

మొదటి షిఫ్టుకు పోవాలి, మస్టర్ పోతుంది. బిడ్డకు బడి పోతుంది. ఒక సూది వేయిస్తే జ్వరం దిగుతుంది కదా అని చాలామంది తొందరపడతారు. ఆ కష్టం మాకు తెలుసు. కాని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫేన్, మెఫెనమిక్ ఆసిడ్, ఆస్పిరిన్ వంటి నొప్పి మందులు డెంగీలో పిల్లలకు మూడు విధాల చెరుపు చేస్తాయి. అసలే రక్తం తక్కువ అందుతున్న మూత్రపిండాలకు ఇంకా తగ్గిస్తాయి. ప్లేట్‌లెట్లు ఉన్నా అవి సరిగ్గా పని చేయనీయవు. కడుపులో పుండు చేసి రక్తం కారేలా చేస్తాయి. తగ్గిన ప్లేట్‌లెట్లతో ఉన్న బిడ్డకు కండలో సూది వేస్తే అక్కడే రక్తం గడ్డకట్టి వాచిపోవచ్చు.

జ్వరానికి పారాసెటమాల్ చాలు. బిడ్డ బరువు కిలోకు 10 నుండి 15 మి.గ్రా. చొప్పున, ఆరు గంటలకు ఒకసారి కంటే ముందు ఇవ్వకుండా, రోజుకు నాలుగుసార్లు మించకుండా ఇవ్వాలి. జ్వరం పూర్తిగా దిగలేదని మళ్లీ మళ్లీ పోస్తే కాలేయం దెబ్బతింటుంది. మధ్యలో గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు తుడవండి. కాలనీలలో, ఊళ్లలో ముందుగా రోగిని చూసే మన ఆర్ఎంపీ సోదరులకు మా మనవి ఇది. జ్వరంతో వచ్చిన బిడ్డకు నొప్పి సూది వేయకండి. మలేరియా, డెంగీ పరీక్షలకు పంపండి. మీరు అన్న ఆ ఒక్క మాట ఆ బిడ్డ మూత్రపిండాలను కాపాడుతుంది.

బ్యాంకాక్ నేర్పిన పాఠం

ఇదంతా మేము కొత్తగా కనిపెట్టినది కాదు. 1958లో థాయిలాండ్ రాజధాని బ్యాంకాక్‌లో డెంగీ పెద్దయెత్తున వచ్చి పిల్లలు ఎందరో మరణించారు. అక్కడి పిల్లల ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ సుచిత్ర నిమ్మానిత్య గారు, ఆమె తోటివారు ఏళ్ల తరబడి ఈ జబ్బును దగ్గరగా చూసి, అది ఎన్ని మెట్లలో ముదురుతుందో, ఏ మెట్టులో ఎంత నీరు ఇవ్వాలో తేల్చారు. వారి దగ్గర వైరస్‌ను చంపే మందు లేదు. నేటికీ ఎవరి దగ్గరా లేదు. నాడి, పీసీవీ, ఇచ్చిన నీరు, వచ్చిన మూత్రం, ఈ నాలుగింటినీ గంటల వారీగా కాగితం మీద రాసి దాని ప్రకారం నడుచుకోవడమే వారి వైద్యం. సరైన వైద్యం లేకపోతే తీవ్రమైన డెంగీలో నూటికి 20 మందికి పైగా చనిపోవచ్చునని, సరైన వైద్యం అందితే అది నూటికి ఒకరి కంటే తక్కువకు తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇంత తేడా తెచ్చినది ఖరీదైన యంత్రం కాదు. శ్రద్ధగా ఉంచిన లెక్క.

ఆ లెక్క రెండువైపులా అవసరం. నీరు తక్కువైతే షాక్. ఎక్కువైతే, ముఖ్యంగా ఊరిపోయిన నీరు తిరిగి రక్తంలోకి వచ్చే కోలుకునే దశలో, ఊపిరితిత్తులలో నీరు చేరి ఆయాసం వస్తుంది. అందుకే “రెండు సీసాలు ఎక్కించండి, బలం వస్తుంది” అని అడిగినప్పుడు మేము ఒక్కోసారి వద్దంటాము. దయచేసి అపార్థం చేసుకోవద్దు.

ఇంట్లో చేయవలసినది

బిడ్డకు జ్వరం వచ్చిన మొదటి రోజునే ఒక కాగితం గోడకు అంటించండి. జ్వరం మొదలైన తేదీ పైన రాయండి. ప్రతిసారి బిడ్డ ఏమి తాగింది, ఎన్ని గ్లాసులు, ఎన్ని గంటలకు, అని ఒకవైపు రాయండి. మూత్రం ఎన్ని గంటలకు పోసింది, ఏ రంగు, అని రెండోవైపు రాయండి. నాన్న డ్యూటీకి పోతే అమ్మ, అమ్మ పనిలో ఉంటే నాయనమ్మ, ఎవరు ఉంటే వారు రాయాలి. చదువురాని పెద్దలు ఒక గీత గీసినా చాలు. ఓఆర్ఎస్ నీళ్లు, గంజి, పలుచని జావ, మజ్జిగ, పప్పుకట్టు, కొబ్బరినీళ్లు కొంచెం కొంచెంగా, తరచుగా ఇవ్వండి. ఒట్టి నీళ్లు ఒక్కటే సరిపోవు, ఉప్పు కూడా లోపలికి పోవాలి. ఎరుపు, నలుపు రంగు పానీయాలు ఇవ్వకండి. వాంతి అయితే అది రక్తమో, పానీయమో తెలియదు.

జ్వరంతో ఉన్న బిడ్డ కోసం ప్రార్థన చేయడానికి ఇంటికి వెళ్లే సంఘ పెద్దలు, స్త్రీల సమాజపు సహోదరీలు కూడా ఆ కాగితం చూపించమని అడగాలని మేము కోరుతున్నాము. ప్రార్థన ముగిసిన తర్వాత, “పొద్దటి నుండి మూత్రం పోసిందా అమ్మా?” అని ఒక్క మాట అడగండి. లేదని చెబితే బండి మాట్లాడి ఆసుపత్రికి వెంటబెట్టుకొని రండి. అది కూడా పరామర్శే.

ఇక దోమ మాట. డెంగీ దోమ మురికి కాలువలో కాదు, మనం దాచుకున్న మంచినీళ్లలో పుడుతుంది. పగటిపూట కుడుతుంది. మన క్వార్టర్లలో నల్లా రోజూ రాదని డ్రమ్ములు, తొట్లు నింపుకుంటాము. ఎండాకాలమంతా నడిచిన కూలర్‌ను వానలు రాగానే ఆపివేస్తాము గాని, అడుగున ఉన్న నీళ్లు పారబోయము. అదే దానికి పుట్టిల్లు. గుడ్డు దోమ కావడానికి వారం పైగా పడుతుంది. కాబట్టి వారానికి ఒక్కసారి డ్రమ్ము, కూలర్, పూలకుండీల కింది పళ్లాలు, పాత టైర్లు ఖాళీ చేసి, లోపలి గోడలను పీచుతో రుద్ది ఆరబెడితే ఆ దోమ పుట్టదు. రుద్దడం ముఖ్యం, ఎందుకంటే గోడకు అంటుకున్న గుడ్లు నీళ్లు లేకపోయినా నెలల తరబడి బ్రతికే ఉంటాయి. ఒక్క ఇల్లు చేస్తే చాలదు. ఆ వరుసలోని క్వార్టర్లన్నీ ఒకే రోజు చేయాలి.

డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. ఒకసారి వచ్చిన బిడ్డకు వేరే రకంతో రెండవసారి వస్తే అది తీవ్రమయ్యే అవకాశం ఎక్కువ. కనుక “మావాడికి పోయినేడు వచ్చి పోయింది” అని ధైర్యపడకుండా, ఆ బిడ్డ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండండి.

ఈ వానాకాలం మీ బిడ్డను మా దగ్గరకు తీసుకురావలసి వస్తే, ల్యాబ్ రిపోర్టులతో పాటు గోడకు అంటించిన ఆ కాగితం కూడా వెంట తీసుకురండి. మేము ముందుగా దానినే చూస్తాము.